నెమలి కోనాం రెక్కకు రంగు

చచ్చిన చేపను బతికినట్టు నిలబెట్టడం ఎలా అని ఎవరైనా అడిగితే, నేను ముందు రెక్కను తిట్టడం మొదలుపెడతాను. ఒళ్లు ఎలాగో ఒక దారికి వస్తుంది. తోలు ఒలిచి, లోపల మాంసం మిగలకుండా గీకి, మందు రాసి, రంపపు పొట్టూ ప్లాస్టరూ కూరి కుట్టేస్తే చేప చేపలాగే ఉంటుంది. గాజు కన్ను పెడితే మొహానికి కళ వస్తుంది. రెక్క ఉందే, దానికి మాత్రం మన మాట వినే బుద్ధి లేదు. తడిగా ఉన్నంతసేపూ ఎలా లాగితే అలా వస్తుంది. ఆరేటప్పుడు తన ఇష్టం వచ్చినట్టు ముడుచుకుంటుంది. పూర్తిగా ఎండాక ముట్టుకుంటే విరుగుతుంది. ఇంతా చేసి అసలు రంగు ఎగిరిపోయి మట్టిరంగు మిగులుతుంది. అప్పుడు కూర్చుని ఒక్కో ముల్లుకూ, ముల్లుకూ ముల్లుకూ మధ్యనున్న పొరకూ విడివిడిగా రంగు వేసుకోవాలి. మెడ పట్టేస్తుంది, కళ్లు మండుతాయి. చూసినవాళ్లేమో "అబ్బ, కన్ను భలే పెట్టారండీ" అనేసి వెళ్లిపోతారు.

శ్రీకాకుళంలో ఒక కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంటులో నమూనాల గది చూసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. సీసాల్లో కప్పలకు ఫార్మలిన్ మార్చడం, బీరువాలో పక్షులకు పురుగు పట్టకుండా చూడడం, వెలిసిపోయిన చేపల రెక్కలకు మళ్లీ రంగు వేయడం నా పని. నాకంటే ముందు ఆ గది చూసిన పెద్దాయన దగ్గర తిట్లు తింటూ నేర్చుకున్నాను. రిటైరయ్యాక ఈ పీడ వదిలిందనుకున్నాను. ఎక్కడ వదిలింది? ఇంటి వెనక గదిలో బ్రష్షులూ, సీసాలూ అలాగే ఉన్నాయి. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మా ఆయన, ఎవరు మా ఇంటికొచ్చినా ముందుగా ఆ గది తలుపు మూసేస్తాడు. "ఊళ్లో అందరూ చేపను కూర వండుకుంటారు, మా ఆవిడ ముస్తాబు చేస్తాది" అని ఆయన వేళాకోళం.

మా వీధికి చేపలు తెచ్చే మనిషి కళింగపట్నం వైపు సముద్రపు ఒడ్డు ఊరిది. ఏళ్ల తరబడి మా గుమ్మంలో గంప దించి నాతో బేరమాడుతూ, దెబ్బలాడుతూ, మంచినీళ్లు అడిగి తాగుతూ ఉన్న మనిషి. నా గదిలో ఏం జరుగుతుందో ఆమెకు బాగా తెలుసు. పనికిరాని చేప తోలు కోసం నేను ఆమెనే పీడించేదాన్ని. అలాంటిది మొన్న వేసవికి ముందు ఒకరోజు పొద్దున్న గంప లేకుండా, ఆటోలో వచ్చింది. ఆటోకి ఒక పక్క నుంచి ఈటెలాంటి ముక్కు, ఇంకో పక్క నుంచి తోక బయటికి వచ్చి ఉన్నాయి. మధ్యలో ఐసు, గోనెపట్టాలు, వాటి మీద ఆమె.

నెమలి కోనాం. మనిషంత పొడవు చేప. వీపు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే రెక్క, విప్పితే తెరచాప అంత ఉంటుంది. అందుకే దానికి నెమలి అని పేరు. నా సర్వీసు మొత్తంలో అంత రెక్క ఉన్న చేపను నేను ముట్టుకోలేదు. ముట్టుకోవాలని కూడా అనుకోలేదు.

"అమ్మా, దీన్ని బతికినట్టు సెయ్యాల" అంది ఆటో దిగకుండానే.

"నీకేమైనా పిచ్చా? దీన్ని అమ్ముకోక నా దగ్గరికి తెచ్చావేమిటే?"

"అమ్మను. మా మావకి సూపించాల."

అప్పుడు చెప్పింది. ముందురోజు వాళ్ల ఆయన చిన్న తెప్ప మీద ఒక్కడే వెళ్లాడట. మధ్యాహ్నం ఆ చేపతో ఒడ్డుకు వచ్చాడు. ఊరు ఊరంతా మూగింది. అంత చేపను ఒక్కడివే ఎలా పట్టావురా అని అందరూ అడిగితే, చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ నోరు అలాగే పక్కకు వంగిపోయింది. కుడి చెయ్యి వేలాడిపోయింది. పెద్దాసుపత్రిలో పడుకోబెట్టారు. ప్రాణానికి భయం లేదన్నారు గానీ మాట మాత్రం పడిపోయింది.

"ఆ సేప ఎలగ పడ్డాదో సెప్పాలని ఆడి నోటికాడికి వచ్చీసినాదమ్మా. ఆ మాట ఇంకా లోపలే ఉన్నాది. సేపని సూస్తే బయటికి వస్తాది. నాకు తెలుసు."

అది అలా జరగదనీ, మాట మెదడుకు సంబంధించిన సంగతనీ చెప్పబోయాను. ఆమె మొహం చూసి ఆగిపోయాను. "నేను చెయ్యలేనే, ఇది ఇళ్లల్లో చేసే పని కాదు" అన్నాను. "సేస్తావులే" అని గోనెపట్టాలు విప్పడం మొదలుపెట్టింది. ఆటో అతను తోక వైపు పట్టుకున్నాడు. మా ఆయన లోపలి నుంచి వచ్చి ఆ ఈటె ముక్కు చూసి, "ఓరి దేవుడా, ఇది గుమ్మంలోంచి పట్టుతాదేటే?" అన్నాడు. పట్టలేదు. పెరటి గోడ మీంచి దించాం.

ఆ చేప నా తల ప్రాణం తోకకు తెచ్చింది. తోలు ఒలవడం, లోపల కర్ర పెట్టడం, కూరడం, కుట్టడం అంతా ఒక ఎత్తు. రెక్క విప్పి నిలబెట్టడం ఒక్కటే ఇంకో ఎత్తు. తడి గుడ్డలు కప్పుతూ, ఒక్కో ముల్లూ సర్దుతూ, రెండు పక్కలా అట్టముక్కలు పెట్టి, బట్టల క్లిప్పులతో బిగించాను. ఇంట్లో క్లిప్పులన్నీ చేపకే పోయి, మా ఆయన లుంగీలు గాలికి పక్కింటి పెరట్లో పడ్డాయి. రెక్క అట్టల మధ్య నీడలో మెల్లగా ఆరాలి. తొందరపడితే చీలుతుంది. అదొక్కటే సూత్రం. ఆ సూత్రం నేను ఇంట్లో అందరికీ, అంటే మా ఆయనకు, చెప్పిన సార్లకు లెక్కలేదు.

చేపలామె రోజూ గంప ఖాళీ అయ్యాక వచ్చి గది గుమ్మంలో కూర్చునేది. నాలుగు మెతుకులు పెడితే తినేది. ఆసుపత్రి నుంచి మొగుణ్ని ఇంటికి తెచ్చేశామని చెప్పింది. గోడ వైపు తిరిగి కూర్చుంటున్నాడట, పిలిస్తే చూస్తాడు గానీ ఉలకడు పలకడు. ఆ మాట చెప్పి, వెంటనే చేపను చూసి నా మీద విరుచుకుపడేది.

"ఏటమ్మా ఇది, ఇలగ సీకట్లో ఎట్టినావు? ఎండలో ఎట్టకుండా సేప ఎండుతాదేటి?"

"ఇది కూరకు ఎండబెట్టే చేప కాదే. నీడలోనే ఆరాలి."

"కుళ్లిపోద్ది."

"కుళ్లదు. మందు పెట్టాను."

"ఉప్పెట్టినావా?"

"ఉప్పు పెట్టకూడదు!"

అయ్యో పాపం అన్నట్టు నా వైపు చూసేది. ఉప్పూ ఎండా లేకుండా చేపను ఎండబెట్టే మనిషిని ఆమె అంతవరకు చూసి ఉండదు. నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేదాన్ని, ఆమె తల ఊపేది. ఆ ఊపుడు చూసి అర్థమైందనుకున్నాను.

ఆ వారం గజపతినగరంలో మా ఆడపడుచు ఇంటి గృహప్రవేశం వచ్చింది. వెళ్లక తప్పలేదు. మా ఆయనకు మోకాలి నొప్పి, రానన్నాడు. గదికి తాళం వేసి తాళంచెవి ఆయనకే ఇచ్చాను. "ఎవరినీ లోపలికి రానివ్వకు, రెక్కను ముట్టుకోనివ్వకు" అని బస్సెక్కేముందు కూడా ఫోన్ చేసి చెప్పాను. మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల చేప లేదు.

మేడ మీద నుంచి "హుష్, హుష్" అని వినబడింది. ఎక్కి చూద్దును కదా, నడినెత్తిన ఎండలో టార్పాలిన్ పట్టా, దాని మీద నా నెమలి కోనాం. అట్టలన్నీ ఊడదీసి పిట్టగోడ మీద పేర్చారు. క్లిప్పులు ఒక చెంబులో వేశారు. రెక్కకు రెండు వైపులా కల్లుప్పు రుద్ది ఉంది. పక్కన మా ఆయన గొడుగు వేసుకుని, చేతిలో కర్రతో కాకుల్ని తోలుతున్నాడు. చేపలామె కొంగు నడుముకు దోపుకుని, ఇంకో గుప్పెడు ఉప్పు తీస్తోంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం చేశారు మీరిద్దరూ? ఏం చేశారు?"

"సెమ్మొచ్చీసినాదమ్మా" అంది ఆమె తాపీగా. "ముట్టుకుంటే మెత్తగున్నాది. నువ్వు ఊళ్లో నేవు. పాడైపోద్దని ఎండకెట్టినాను."

"నేను ముట్టుకోలేదే, తాళం తీశానంతే. మేడెక్కించింది ఆటో అతనూ ఈవిడానూ. నేను కాకుల్నే తోలుతున్నాను" అన్నాడు మా ఆయన.

దగ్గరికెళ్లి చూశాను. పొర అక్కడక్కడ కాదు, ముల్లు ముల్లుకీ చీలిపోయింది. చివర్లు అప్పడంలా చుట్టుకుపోయాయి. వేలు ఆనిస్తే ఒక ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. నేను అక్కడే మెట్ల మీద కూలబడి, నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమెను తిట్టాను, మా ఆయన్ని తిట్టాను, గృహప్రవేశం పెట్టుకున్న ఆడపడుచునూ తిట్టాను. చేపలామె కాసేపు విని, తనూ అందుకుంది.

"మా అమ్మమ్మ కాణ్ణించి సేపలెండబెట్టి బతుకుతన్నాం. మాకు ఎండబెట్టడం రాదంటావేటి?"

"తినడానికి ఎండబెట్టడం వేరే, తల్లీ! ఇది నీ మొగుడు చూడడానికి!"

ఆ మాటకు ఆమె నా చేతిలో ఉన్న ముక్కను చూసింది. తర్వాత వంగి రెక్క మీది ఉప్పును కొంగుతో మెల్లగా, ఒక్కో రాయీ తీసింది. "అయితే ఇంక సూడడేటమ్మా?" అంది. నాకు కోపం తగ్గలేదు గానీ తిట్టడం మాత్రం చేతకాలేదు.

ఆ రెక్కను బాగుచేయడం గురించి చెప్పాలంటే ఇప్పటికీ విసుగే. ఉప్పును తడి దూదితో తుడవాలి, తుడిస్తే పొర మెత్తబడుతుంది, మెత్తబడితే మళ్లీ జారుతుంది. చీలిక చీలికకూ వెనక నుంచి పలచటి టిష్యూ కాగితం జిగురుతో అంటించాలి. ముందు వైపు అతుకు కనబడకుండా సన్న గరుకు కాగితంతో రుద్దాలి. ఊడిపోయిన చోట కాగితంతోనే కొత్త పొర కట్టి, దాని మీద ముల్లు గీత బ్రష్షుతో లేపాలి. ఒకచోట అంటిస్తుంటే ఇంకోచోట పిటుక్కుమనేది. మా ఆయన పాపం, చేసిన తప్పుకు నోరెత్తకుండా టీ పెట్టి తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేవాడు.

తర్వాత రంగు. రెక్కకు రంగు మందంగా వేస్తే రేకు ముక్కలా కనబడుతుంది. నీళ్లలా పలచగా కలిపి, పొర మీద పొర, వెనక నుంచి వెలుతురు కాస్త రావాలి. నెమలి కోనాం బతికున్నప్పుడు ఆ రెక్క ముదురు నీలం, దాని మీద నల్లటి చుక్కలు. నేను పుస్తకాల్లో బొమ్మలు చూశాను, ఫోనులో వీడియోలు చూశాను. చుక్కలు కూడా వరసలు తప్పకుండా ఒక్కొక్కటే పెట్టాను. ఎదురింటావిడ వచ్చి చూసి, సిరా ఒలికిందా అని అడిగింది. నేను ఇంకో చుక్క పెట్టాను. కానీ చివరి చుక్క పెట్టాక కిటికీ తెరిచి వెలుతురులో చూసుకున్నాను. బాగుంది. నా మటుకు నాకు, నా జీవితంలో చేసిన రెక్కలన్నింటిలో అదే బాగుంది. వార్నిష్ ఒక్కటే మిగిలింది. అది వాళ్లింట్లోనే పూద్దామని, దారిలో దుమ్ము పట్టకూడదని వదిలేశాను.

చిన్న వ్యానులో పరుపు మీద పడుకోబెట్టి తీసుకెళ్లాం. రోడ్డు మీద గొయ్యి వచ్చినప్పుడల్లా ఇద్దరం చేపకు అడ్డం పడ్డాం. వాళ్ల వీధిలో జనం అప్పటికే ఉన్నారు. చేపలామె అందర్నీ తోసుకుంటూ వెళ్లి, గోడ వైపు తిరిగి ఉన్న ప్లాస్టిక్ కుర్చీని మనిషితో సహా ఇటు తిప్పింది. ఎండిపోయిన మనిషి, నల్లగా, బక్కగా. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. మేము చేపను ఎదురుగా రెండు బల్లల మీద నిలబెట్టాం. మా ఆయన రెక్క మీది గుడ్డ తీశాడు.

జనం ముందుకు జరిగారు. కుర్చీలో ఆయన చూశాడు. ముక్కు చూశాడు, కన్ను చూశాడు. రెక్క దగ్గర ఆగాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. మొహం చిట్లించాడు. దవడ కదిలింది.

"కాదు" అన్నాడు.

"ఏం కాదు?" అన్నాను.

"కా... దు." ఎడమ చెయ్యి ఎత్తి రెక్కను చూపించాడు. "రంగు."

నాకు ఒళ్లు మండింది. అంతా అయ్యాక, అతుకులు వేసి వేసి నా చూపు మసకబారాక, రంగు కాదట! "ఎందుక్కాదయ్యా? బతికున్న చేపకు నీలమే ఉంటుంది. చచ్చాక నల్లబడుతుంది. నువ్వు ఒడ్డుకు తెచ్చాక చూసిన రంగు మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నావు. కావాలంటే వీడియో చూపిస్తాను" అని ఫోను కూడా తీశాను. వీడియో వెతుకుతూ ఇంకా ఏదేదో అన్నాను. కాసేపటికి నా గొంతు తప్ప ఇంకేదీ వినబడడం లేదని తెలిసింది. తలెత్తి చూస్తే చేపలామె నేల మీద కూర్చుని, మొగుడి మోకాళ్లు పట్టుకుని ఏడుస్తోంది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని, "ఒసే, ఆయన మాట్లాడినాడే" అన్నాడు.

అప్పుడు నాకూ ఏడుపొచ్చింది. కానీ కోపం కూడా అలాగే ఉంది, అబద్ధమెందుకు.

మరి ఏం రంగు అని అడిగాం. ఆయన నోరు చాలాసేపు పెనుగులాడింది. ఆ రోజు ఇంక మాట రాలేదు. తర్వాతి వారం నేను రంగుల పెట్టె పట్టుకుని మళ్లీ వెళ్లాను. స్పిరిట్ గుడ్డతో తుడిచి, కాస్త నలుపు కలిపి వేశాను. "కాదు" అన్నాడు. నలుపు తగ్గించాను. "కాదు." నాకు విసుగొచ్చి బ్రష్షు కింద పెట్టేస్తే, అప్పుడు "నేరేడు" అన్నాడు. నేరేడుపండు రంగట! సముద్రంలో, తాడు చేతిని కోస్తుంటే, ఎండ కళ్లల్లో పడుతుంటే చూసిన మనిషికి ఏ రంగైనా కనబడుతుంది. నేను ఈనాటికీ నీలమే అంటాను. కానీ ఆసుపత్రిలో డాక్టరు, ఏ మాట వస్తే ఆ మాట రానివ్వండి, ఎంత మాట్లాడిస్తే అంత మంచిది అన్నాడట. అందుకని ఊరుకున్నాను.

నేరేడు రంగు కలపడం మాటలు కాదు. ఇంట్లో అట్టముక్కల మీద వేసి వేసి చూసుకుని, చివరికి ఒక రంగు కుదిరాక సీసాలో పోసుకుని వెళ్లాను. ఆయన ఎదురుగా కూర్చుని పొర మీద పొర వేశాను. చుక్కలు మళ్లీ పెట్టాను. వేసినంతసేపూ ఆయన కళ్లు నా బ్రష్షు వెంటే తిరిగాయి. చివర్లో ఆయన వైపు తిరిగి, "చూడయ్యా" అన్నాను.

చూశాడు. తల మెల్లగా ఊపాడు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు చేప మీదే పెట్టి, హాయిగా, ఒక్క మాట లేకుండా కూర్చుండిపోయాడు.

హమ్మయ్య అనుకుని వార్నిష్ డబ్బా మూత తీశాను. చేపలామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె మొహంలో సంతోషం లేదు, భయం ఉంది.

"అదేటమ్మా, సరిగ్గా ఏసీసినావా?"

"వేశాను. ఆయనే ఒప్పుకున్నాడు కదా."

"అయితే ఇంక మాటాడడు కదమ్మా." గొంతు తగ్గించింది. "సెరిపీ. తప్పు ఎయ్యి."

నా ఉద్యోగమంతా తప్పు వేశావని తిట్టినవాళ్లే గానీ, తప్పు వెయ్యమని బతిమాలినవాళ్లు లేరు. ఉప్పు రుద్దింది, ఎండలో పెట్టింది, అతికించుకున్నాను. నీలం కాదన్నారు, తుడిచాను. ఇప్పుడు కుదిరిన రెక్కను చెడగొట్టమంటోంది. నోటి దాకా వచ్చిన తిట్టు మింగి, వార్నిష్ డబ్బాకు మూత పెట్టి, పెట్టెలో వెతికి ఆకుపచ్చ సీసా తీశాను. చిలకపచ్చ. ఏ చేపకూ, ఏ సముద్రంలోనూ లేని రంగు. బ్రష్షు నిండా ముంచి రెక్క నడిమధ్యన ఒక్క పూత పూశాను.

కుర్చీ కిర్రుమంది.

"పచ్చేటి!" అన్నాడాయన. ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి చరిచాడు. "సేపకి... పచ్చేటి! కళ్లు... నేవేటి నీకు?"

నా పనిని ఇంత హీనంగా ఎవరూ తిట్టలేదు. ఇంకాస్త పచ్చ అద్దాను.